కుడి మడమ

ఇన్నాళ్ళూ నేను ఈ సంగతి రాయకపోవడానికి మొదటి కారణం నాకు చదువు రాకపోవడం. మా నాయినకు గొర్రెల మంద ఉండేది. అన్నలు పెద్ద మంద వెంట అడవికి పోతే, ఇంటి దగ్గర గొర్రెపిల్లలను చూసుకునే పని నాది. బడి దగ్గరే. ఎక్కాల అరుపులు మా దొడ్డిలోకి వినిపించేవి. నాకు అందింది ఆ అరుపుల వరకే. పెళ్ళయి నల్గొండ దగ్గర ఈ ఊరికి వచ్చాక ఆ ఊసే లేదు. మా ఆయన డోలు కొట్టేవాడు. చుట్టుపక్కల మా కురుమోళ్ళ ఇళ్ళలో మల్లన్న పట్నం ముగ్గు వేస్తే ఆయన డోలు ఉండాల్సిందే. ఆయనకూ అక్షరం రాదు. మా ఇంట్లో కథ నోట్లోనే ఉండేది, పాట నోట్లోనే ఉండేది. రాసి పెట్టుకోవలసింది ఏదైనా ఉంటుందని మాకు తోచలేదు.

ఆయన పోయాక మధ్యాహ్నాలు గడిచేవి కావు. మాకు పిల్లలు లేరు. పక్కనున్న అంగన్‌వాడీకి పోయి గోడకు ఆనుకొని కూర్చునేదాన్ని. పిల్లలు పడుకున్నాక అక్కడి టీచరమ్మ నాతో పలక మీద అక్షరాలు దిద్దించింది. "పెద్దమ్మా, గీ దీర్ఘాలు గింత జల్ది ఎట్ల పట్టుకుంటున్నవు?" అని అడిగింది ఒకరోజు. డోలు ఇంట్లో కాపురం చేసినదాన్ని. ఏ చప్పుడు ఎంతసేపు నిలుస్తుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. మెల్లగా చదవడం వచ్చింది, ఇంకా మెల్లగా రాయడం వచ్చింది. అయినా ఈ సంగతి రాయలేదు. ఇది నాలో అప్పటికి తేలలేదు. మొన్న కోస్గి పోయి వచ్చాకే తేలింది.

మా ఆయన దగ్గర డోలు నేర్చుకోవడానికి మీసాలు వస్తున్న పిల్లలు వచ్చేవాళ్ళు. ఆయనను పెద్దబాపు అనేవాళ్ళు, నన్ను పెద్దమ్మ అనేవాళ్ళు. వచ్చిన వెంటనే డోలు చేతికిచ్చేవాడు కాదు. ఒక వానకాలమంతా తన వెనుక నడిపించేవాడు.

"పెద్దబాపూ, డోలు ఎప్పుడిస్తవు?"

"అత్తగారిల్లు అనుకున్నవార, రాంగనే చేతిల పెట్టెటందుకు? ముందుగాల నా ఎనుక నడువు."

"నడుసుడు మాకు రాదా?"

"వస్తదా? మరి నిన్న కుంట కాడ బురదల వడ్డది ఎవడురా, మీ తాతనా?"

అందరూ నవ్వేవాళ్ళు. ఆ నడక వెనుక ఉన్నదే ఆయన చదువంతా. డోలుకు రెండు ముఖాలు. కుడి ముఖాన్ని పుల్లతో కొడతారు, ఎడమ ముఖాన్ని అరచేత్తో కొడతారు. జాతరలో పది డోళ్ళు ఒక్కసారి మోగితే పక్కవాడి అరుపు కూడా వినబడదు. అందుకే ముందు నిలబడ్డ గురువు మడమలు చూసి కొట్టాలి. కుడి మడమ నేలకు తగిలితే పుల్ల. ఎడమ మడమ తగిలితే అరచెయ్యి. ఆయన ధోవతి మోకాళ్ళ దాకా ఎగగట్టి, వీపు తిప్పి, వాకిట్లో గుండ్రంగా నడిచేవాడు. వెనుక పిల్లలు ఆ మడమలు చూస్తూ తొడల మీద చేతులతో చరుచుకుంటూ నడిచేవాళ్ళు.

"చెవిని నమ్మకున్రి. చెవి గుంపుల తప్పిపోతది. మడమను వట్టుకోన్రి" అనేవాడు. ఎవడైనా దారి తప్పినా వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. "నేను తిర్గిన్నంటే నా మడమ మీకేడ కనవడతది?" అనేవాడు.

నా పొయ్యి వాకిలి అంచున ఉండేది. నేను కింద కూర్చునేదాన్ని కాబట్టి నాకు ఎప్పుడూ మనుషుల మొహాల కంటే మడమలే ముందు కనిపించేవి. మేకతోలును నానబెట్టి, బూరు తీసి, నీడలో ఆరబెట్టే పని నాది. తోలు డోలుకు ఎక్కిన తరువాత ఆడవాళ్ళు ముట్టుకోకూడదని వాళ్ళింట్లో పద్ధతి. నేను ముట్టుకోలేదు. ఆయన మడమలు బాగా పగిలేవి. వాటికి ఆముదం రాసేదాన్ని. డోలు చదువులో నాకు చెయ్యి తగిలింది అంతవరకే.

ఆయనకు ఇంకొక పట్టింపు ఉండేది. పుల్లను నేల మీద పెట్టనిచ్చేవాడు కాదు. అది వాళ్ళ నాయిన చెక్కిన పుల్ల, చేతికి అరిగి నున్నగా అయిపోయింది. అన్నం తినేటప్పుడు కూడా నడుముకు దోపుకునేవాడు.

తెలంగాణ వచ్చాక డోలుకు మంచి రోజులు వచ్చాయి. ఏ సభ జరిగినా, ఏ మంత్రి వచ్చినా డోళ్ళు కావాలి. మా వాకిలి నిండిపోయింది. కానీ పిల్లలకు తొందర ఎక్కువైంది. డోళ్ళు కొడుతూ ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడే ఆట కావాలి వాళ్ళకు.

"ఎక్కున్రి, ఎక్కొద్దని నేనంటలేను. కని మీదెక్కినోని మడమ కిందోనికి ఎట్ల కనవడతదిర?" అన్నాడు ఆయన.

వాళ్ళు నవ్వారు. కొద్దికొద్దిగా నేర్చుకుని బృందాల్లో కలిసి పోయారు. ఆయనకు కోపం రాలేదు. టీవీలో వాళ్ళు కనిపిస్తే దగ్గరికి జరిగి వాళ్ళ కాళ్ళకేసి చూసేవాడు. కెమెరా ఎప్పుడూ మొహాలనే చూపించేది.

చివరికి ఒక్కడు మిగిలాడు. పక్క ఊరి మేకల కాపరి కొడుకు, తాడిచెట్టంత మనిషి. అందరూ పొడుగోడు అనేవాళ్ళు. వాడికి ఆయన అన్ని దెబ్బలూ ఇచ్చాడు, ఒక్కటి తప్ప. దాని పేరు తొక్కుడు దెబ్బ.

పట్నం అంటే మల్లన్నకు నేల మీద రంగు పొడులతో వేసే పెద్ద ముగ్గు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడి. దేవుడు దాని మీదకు వచ్చి కూర్చుంటాడని మా నమ్మకం. పూజ అయిపోయాక దాన్ని కాళ్ళతో తొక్కి చెరిపేస్తారు. అప్పుడు కొట్టేదే తొక్కుడు దెబ్బ. మిగిలిన డోళ్ళన్నీ ఆగిపోతాయి. గురువూ, ఆయన ఎంచుకున్న ఒక్కడూ మాత్రమే కొడతారు. తక్కినవాళ్ళు తాళాలు పట్టుకుని జనాన్ని ఆపుతుంటారు. ఆ గోలలో ఏది పుల్లో ఏది చెయ్యో ఎవరికీ తెలియదు. పట్నం లేనిచోట ఆ దెబ్బ కొట్టకూడదు, ఇంట్లో నేర్పకూడదు. "దేవున్ని పిల్చి, కూసునేటందుకు జాగ చూపకపోతే ఎట్లరా?" అనేవాడు ఆయన. ఇంకొకటి. మొదలుపెడితే ముగ్గంతా చెరిగేదాకా ఆపకూడదు.

వచ్చే పట్నంలో నీకిస్తానని ఆయన పొడుగోడికి మాట ఇచ్చాడు. ఆ పట్నం రాకముందే ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. నల్గొండ దవాఖానలో ఉంచి తెచ్చుకున్నాము. పొడుగోడు పొద్దున్నే వచ్చి ఆయన్ను ఎత్తుకుని ఎండలో మంచం మీద కూర్చోబెట్టేవాడు. "పెద్దబాపూ, జర తినయ్య. లేచి నన్ను తిట్టాలె గదా" అనేవాడు. ఆయన ఎడమ చేత్తో వాడి చెవి పట్టుకుని మెలిపెట్టేవాడు. అదొక్కటే ఆయనకు మిగిలిన తిట్టు.

ఆయన కోసం నేను మల్లన్నకు మొక్కుకున్నాను. మా వాకిట్లోనే పట్నం వేయించాము. ఆయన మంచం అంచున కూర్చుని ఎడమ పాదం నేలకు ఆనించాడు. తొక్కే సమయం వచ్చేసరికి నడుముకున్న పుల్ల తీసి పొడుగోడి చేతికిచ్చాడు. వాడు కళ్ళకద్దుకుని, డోలు తగిలించుకుని, ఆయన మడమకేసి చూస్తూ నిలబడ్డాడు.

ఆయన మడమ వేశాడు. ఉన్నది ఆ ఒక్క కాలే కాబట్టి దెబ్బంతా దానితోనే వేశాడు, పుల్లదీ చేతిదీ కూడా. అది ఎడమ మడమ అన్న సంగతి ఆయనకూ తట్టలేదు, చూస్తున్న నాకూ తట్టలేదు. పొడుగోడు మాత్రం నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేశాడు. ఎడమ మడమ పడిన ప్రతిసారీ అరచేత్తో కొట్టాడు. పుల్ల కుడిచేతిలో ఊరికే ఉండిపోయింది.

నేను ఎన్నో పట్నాల్లో ఆడవాళ్ళ మధ్య కింద కూర్చుని ఆ మడమలు చూసినదాన్ని. తొక్కుడు దెబ్బ కుడి, కుడి, ఎడమ అని పోతుంది. పుల్ల, పుల్ల, చెయ్యి. మట్టిగడ్డలు పగిలినట్టు ఉంటుంది. ఆ రోజు మోగింది అది కాదు. ఎక్కడో గోడ అవతల మోగినట్టు, మెత్తగా, లోతుగా వచ్చింది. ఆయన ఆపమన్నట్టు ఎడమ చెయ్యి పైకి లేపి నావైపు చూశాడు. నాకు అర్థమైంది. కానీ జనం పట్నం మీద అడుగు పెట్టేశారు. ఇక ఆపకూడదు. ఆయన మడమ ఆగితే డోలు ఆగుతుంది. చెయ్యి దించేసి, తప్పని తెలిసిన ఆ దెబ్బనే ఆయన చివరి రంగు చెరిగేదాకా నడిపించాడు.

"ఎంత మెత్తగున్నదమ్మా" అని ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

అందరూ వెళ్ళాక ఆయన పక్కన కూర్చుని అడిగాను. "ఏమయ్యా, పిలగానికి చెప్పాల్నా?" ఆయన తన కుడి కాలును చూపించి సగం మూతితో నవ్వాడు. తరువాత మంచం పట్టె మీద ఎడమ అరచేత్తో ఆ మెత్తటి దెబ్బనే మొదటినుంచి చివరిదాకా కొట్టుకున్నాడు. అది బాగుందన్నాడో, ఇక మిగిలింది ఇదేనన్నాడో నాకు ఈ రోజుకూ తెలియదు. ఇంకో పట్నం వస్తుంది, ఏదో ఒక విధంగా ఆయనే సరిచేస్తాడు అనుకున్నాను. వానకాలంలో ఆయన పోయాడు.

దినాల రోజు పొడుగోడు నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. "ఆఖరికి నాకు గా దెబ్బ ఇచ్చి పోయిండు పెద్దమ్మా. ఇంట్ల ఎందుకు కొట్టనియ్యడో అప్పుడు సమజైంది. అండ్ల పుల్లే లేదు. గంత వేరే తీరుంటది గది" అన్నాడు. వాడి తల నిమిరి, అసలు సంగతి నాలోనే పెట్టుకున్నాను.

కొన్నాళ్ళకు వాడికి పెళ్ళయి భార్య వాళ్ళ ఊరికి, కోస్గి వైపు వెళ్ళిపోయాడు. డోళ్ళు కూడా వాడితో పోయాయి. గోడకు మేకులు మిగిలాయి. మా వాకిట్లో మడమలు తిరిగి తిరిగి గుండ్రంగా ఒక చోట నేల రాయిలా గట్టిపడి ఉండేది. ఎన్ని వానలు పడినా అక్కడ గడ్డి మొలిచేది కాదు. ఆయన పోయిన మరుసటేడు అంచుల్లో మొలిచింది. పీకేశాను. ఆ తరువాతి ఏడు మధ్యలో కూడా మొలిచింది. పీకబోయి, ఎవరికోసమని కూర్చుండిపోయాను.

ఒక్క మనిషికి జొన్నరొట్టె చేసుకోవడం ఎంత పని? ఒకటే ముద్ద. దాన్ని పీట మీద అరచేత్తో చరుస్తుంటే ఆ ఖాళీ ఇంట్లో చప్పుడు పెద్దగా వినిపించేది. ఒకరోజు చరుస్తూ చరుస్తూ ఆగిపోయాను. అదే దెబ్బ. పట్నం రోజు మోగిన మెత్తటి దెబ్బే నా చేతి కింద మోగుతోంది. అప్పటినుంచి రొట్టెను కావాలనే ఆ తీరుగా చరిచేదాన్ని. ఆయన మంచం మీద ఉన్న ఆ కొన్ని నెలలు ఆ చప్పుడులో తిరిగి వచ్చేవి. రొట్టె అయిపోతే ఇల్లు మళ్ళీ చప్పబడేది. కొన్ని రోజులు ఆకలి లేకపోయినా రెండో రొట్టె చేసేదాన్ని.

మొన్న పొడుగోడు ఫోన్ చేశాడు. "పెద్దమ్మా, మా ఇంట్ల పట్నం ఏస్తున్నం. నువ్వు రాకపోతే నేను డోలు వట్ట. నీ ఇష్టం మరి."

"ముసల్దాన్ని, నేనేడికొస్తరా గంత దూరం?"

"ఆడోళ్ళకు బస్సు ఫిరీనే గదా, కూసునుడేగా నీ పని? నేనైతే టికెట్ కొనాలె."

వెళ్ళాను. నల్గొండలో బస్సుల బోర్డులు నేనే చదువుకుని ఎక్కాను. మహబూబ్‌నగర్‌లో కూడా నేనే చదువుకుని మారాను. చదువు రాని రోజుల్లో ఎక్కడికి పోయినా ఎవరినో ఒకరిని అడగాల్సి వచ్చేది. "గీ బస్సు ఏడికి పోతది బిడ్డా" అంటే వాళ్ళు చెప్పేవాళ్ళు, నీదే ఊరని అడిగేవాళ్ళు, అట్లా నాలుగు మాటలు కలిసేవి. ఈసారి ఎవరినీ అడిగే అవసరం రాలేదు. కోస్గిలో దిగేదాకా నా నోట్లోంచి ఒక్క మాట బయటికి రాలేదు.

పొడుగోడి వాకిలి చూసి మెట్ల దగ్గరే నిలబడిపోయాను. ఒకప్పటి మా వాకిలే అది. పిల్లలు గుండ్రంగా వాడి వెనుక నడుస్తున్నారు. వాడు లుంగీ ఎగగట్టి, వీపు తిప్పి, వెనక్కి చూడకుండా, "చెవిని నమ్మకున్రిరా" అంటున్నాడు. నన్ను చూసి పరుగెత్తుకుంటూ వచ్చి కాళ్ళకు మొక్కాడు.

సాయంత్రం పొద్దు వాలుతుండగా తొక్కే సమయం వచ్చింది. పొడుగోడు ఒక పిల్లవాణ్ణి పక్కన నిలబెట్టుకున్నాడు. ఇద్దరూ పుల్లలు కళ్ళకద్దుకుని, వంగి, వాటిని నేల మీద పెట్టారు. మా మామ చెక్కిన పుల్ల మట్టిలో పసుపు పక్కన పడి ఉంది. తరువాత అరచేతులతో మొదలుపెట్టారు. అదే, నా రొట్టె చప్పుడే, కానీ డోలంత పెద్దది. జనం కళ్ళు మూసుకున్నారు. నేను ఆ పుల్లనే చూస్తూ కూర్చున్నాను.

అయిపోయాక ఆ పిల్లవాడు అడిగాడు. "అన్నా, పుల్ల ఎందుకు కింద పెట్టాలె?"

"గీ దెబ్బల పుల్ల తాకొద్దురా. మా పెద్దబాపు గట్లనే ఇచ్చిండు, పద్ధతది" అన్నాడు పొడుగోడు. నావైపు తిరిగి, "పెద్దమ్మా, దెబ్బ మంచిగ పడ్డదా?" అని అడిగాడు.

"చెయ్యి మంచిగ పడ్డది బిడ్డా" అన్నాను. అబద్ధమేమీ కాదు.

రాత్రి చాప మీద పడుకుని ఆలోచించాను. ఆయన పక్కన ఆ దెబ్బ కొట్టిన పాతవాళ్ళు ఎప్పుడో పోయారు. ఇది తప్పని ఈ లోకంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేను పోతే అది తప్పు కాకుండా పోతుంది, పద్ధతి అయి కూర్చుంటుంది. పోనీ చెబుదామా అంటే, చెప్పిన రోజున ఆ మెత్తటి దెబ్బ ఆగిపోతుంది. మా ఆయన ఒంటి కాలుతో, తప్పని తెలిసి తెలిసి, వీడికోసం చివరిదాకా నడిపించిన దెబ్బ అది. నా దగ్గర మిగిలిన మనిషి ఆ చప్పుడులోనే ఉన్నాడు. కుడి కాలున్న మనిషి నాకు ఇప్పుడు అంతగా గుర్తు రావడం లేదు. అయినా కళ్ళు మూస్తే నాకు ఆ చప్పుడు వినిపించలేదు. నేల మీది పుల్లే కనిపించింది. అన్నం ముందు కూడా దాన్ని నడుము నుంచి తియ్యని మనిషి గుర్తొచ్చాడు.

తెల్లారి వాకిట్లోకి వచ్చాను. పిల్లలు అప్పటికే పోగయ్యారు. ఎంత ఊడ్చినా మట్టిలో పసుపు, కుంకుమ మరకలు ఇంకా ఉన్నాయి. దేవుడికి చోటు చూపించినట్టే అనుకున్నాను.

"నీ పోరగాండ్లను నా ఎనుక నిలవెట్టు. నువ్వు గూడ నిలవడు" అన్నాను పొడుగోడితో.

"ఎందుకు పెద్దమ్మా? బస్సుకు టైమైతది గదా."

"అయితే గానీ. జల్ది నిలవడు మరి."

పిల్లలు మూతులు మూసుకుని నవ్వారు. పొడుగోడు వాళ్ళను గదిమి, వచ్చి నా వెనుక నిలబడ్డాడు. నేను డోలు ముట్టుకోలేదు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చెప్పులు విడిచి, వాళ్ళకు వీపు తిప్పి నిలబడ్డాను. నా మడమలూ పగిలే ఉన్నాయి. వాటిని ఎవరూ అట్లా చూసి ఉండరు.

కుడి మడమ వేశాను. మళ్ళీ కుడి. ఎడమ. కుడి, కుడి, ఎడమ.

వెనుక నవ్వులు ఆగాయి.

"పెద్దమ్మా" అన్నాడు పొడుగోడు. "గాయినకు గప్పుడు కుడికాలు లేకుండె గదా."

"లేకుండె బిడ్డా" అన్నాను.

ఒక ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. ఆ తరువాత తొడ మీద చెయ్యి చరిచిన చప్పుడు వచ్చింది, నా కుడి మడమతో పాటే. ఒక్కొక్కరే కలిశారు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. ముందుకు నడుస్తూనే ఉన్నాను, వాకిలంతా గుండ్రంగా.